చివరి గది ముసుగు

“ఇవాళ ఏదో జరుగుతుందే. నా మాట విని సెలవు పెట్టు” అంది తల్లి, కూతురి ముడిలో ఆఖరి పిన్ను గుచ్చుతూ.

కూతురు అద్దంలోంచే నవ్వింది. “ఏం జరుగుతుందమ్మా?”

“తెలిస్తే చెప్పనా? కొత్త వార్డు, కొత్త మనుషులు. నేల తడిగా ఉండి జారిపడ్డావనుకో. ఒకరి మందు ఒకరికి వేశావనుకో. ఎవరైనా ఏదైనా అన్నారనుకో, నువ్వేమో ఊరుకునే రకం కాదు...”

“మొన్న లిఫ్టు తెగి పడుతుందన్నావు. నిన్న బస్సు బోల్తా కొడుతుందన్నావు. రెండూ నిక్షేపంగా తిరుగుతున్నాయి.”

“నేను ముందే భయపడ్డాను కాబట్టి తిరుగుతున్నాయి.”

ఇద్దరూ ఒకే బస్సెక్కి ఒకే ఆసుపత్రికి వెళ్తారు. గేటు దాటాక దారులు వేరు. కూతురు నర్సు, మెట్లెక్కి పైకి పోతుంది. తల్లి మెట్లు దిగి నేలమాళిగలోని బట్టల గదికి పోతుంది. ఆసుపత్రి మొత్తం దుప్పట్లూ గౌన్లూ అక్కడికే దిగి, ఉతికించుకుని, ఆరి, మడతలై మళ్ళీ పైకి వెళ్తాయి. దుప్పటి అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బారచాపి, ఒక్క విదిలింపుతో దాన్ని చదరం చేసేస్తుంది ఆమె. అందుకే అందరూ మడతలమ్మ అంటారు. ఉతికే యంత్రాలు చూసే పెద్దాయన ఆవిరి బాబాయి. ఈ ఇద్దరూ, ఊడ్చేవాళ్ళూ, పైన తిరిగే నర్సుల్లో చాలామందీ బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ నల్లటి మనుషులు. మంచాల మీద పడుకునేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడివాళ్ళు, తెల్లటివాళ్ళు. ఆ తేడా గురించి ఎవరూ పైకి మాట్లాడరు. మాట్లాడక్కర్లేనంతగా అది అందరికీ తెలుసు.

ఆ రోజు పొద్దెక్కాక మడతలమ్మ ఆరబెట్టే గదిలోకి వెళ్ళింది. తీగల మీద గౌన్లు వరసగా వేలాడుతున్నాయి. వేడిగాలి పంకా తిరుగుతుంటే ఖాళీ చేతులు మెల్లగా లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆ వరసల మధ్య ఒక గౌను మాత్రం కదలకుండా నిలబడి ఉంది. దానికి కాళ్ళున్నాయి.

“అమ్మా” అంది ఆ గౌను వెనకనుంచి కూతురు.

“చచ్చాను! పై ప్రాణం పైనే పోయిందే. పని వేళప్పుడు ఇక్కడికెందుకొచ్చావు? పడ్డావా? తిట్టారా? తీసేశారా?”

కూతురు చేతులు ముందుకు చాపింది. కడిగి కడిగి వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉన్నాయి.

“చివరి గదిలో ఒక ముసలావిడ ఉంది. తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. పక్కకి తిప్పి కట్టు మార్చాలి. దుప్పటి తీశాను. నా చెయ్యి చూసి ‘నువ్వొద్దు’ అంది.”

“నొప్పికి అనుంటుందే.”

“నొప్పికి కాదమ్మా. చాలా మర్యాదగా అంది. ‘మావాళ్ళెవరూ లేరా ఈ ఆసుపత్రిలో? ఈ రంగు చేతులు నా ఒంటిమీద పడకూడదు’ అని. కాఫీలో పంచదార వద్దని చెప్పినట్టు చెప్పింది.”

“పెద్ద సిస్టరు లేదా అక్కడ?”

“మంచం కాళ్ళ దగ్గరే ఉంది. ఏమీ అనలేదు. నవ్వి, దుప్పటి సర్ది, తనే కట్టు మార్చింది. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి ‘మనసులో పెట్టుకోకు, ఏదో ఒకటి సర్దుదాం’ అంది. ఏం సర్దుతుంది? ఈ వారం పగటి డ్యూటీలో ఉన్న నర్సులం అందరం మనవాళ్ళమే.”

“నువ్వేమన్నావే?”

“నోరు పెగల్లేదు. రేపు మళ్ళీ అంటే మాత్రం అడిగేస్తాను. మీకు కావలసింది కట్టా, రంగా అని.”

మడతలమ్మ గుండె జారిపోయింది. పిల్ల ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పేషెంటు ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, ఇంటికి పొమ్మంటారు. ఆ తర్వాత ఏ ఆసుపత్రి రానిస్తుంది? పిల్ల వీధిన పడటం, తను మంచాన పడటం, ఇద్దర్నీ చూసే దిక్కు లేకపోవడం, అన్నీ ఆమె కళ్ళముందు గిర్రున తిరిగాయి. తిరిగి తిరిగి ఆ కళ్ళు మూలనున్న బీరువా మీద ఆగాయి.

అందులో ముసుగు సెట్లుంటాయి. అంటురోగాల గదుల్లోకి వెళ్ళేవాళ్ళకోసం మడమల దాకా దిగే తెల్లటి గౌను, తలా మెడా కప్పే టోపీ, మూతిగుడ్డ, కళ్ళకు పెద్ద అద్దాలు, మోచేతుల దాకా తొడుగులు. అన్నీ కలిపి ఒక మూట.

ఆమె ఒక మూట తీసి కూతురి చేతిలో పెట్టింది. “రేపు ఇది తొడుక్కుని వెళ్ళు. నువ్వెవరో కన్నతల్లికి కూడా తెలియదు.”

“ఆవిడకి అంటురోగం లేదమ్మా.”

“మరీ మంచిది. నీకు అంటుకోదు.”

“మాట వింటే తెలిసిపోదూ, నా యాస?”

“మాట్లాడకు. కట్టు మార్చడానికి మాటలెందుకు? ఈ ఉద్యోగం ఖాయం అయ్యేదాకా నోరు కుట్టేసుకో, తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

కూతురు ఆ మూటను చాలాసేపు చూసింది. తర్వాత చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మడతలమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూతురు వచ్చి పక్కన కూర్చునేసరికి ప్రాణం లేచొచ్చింది.

“ఏమైందే?”

“అయింది. కట్టు మార్చాను.”

“ఏమైనా అందా?”

“మెచ్చుకుంది. ‘ఈ పిల్ల చెయ్యి దూదిలా ఉంది, పాపం మూగదేమో, రోజూ ఈ మూగపిల్లనే పంపండి’ అంది. పెద్ద సిస్టరుకి కూడా నచ్చింది. ‘ఇదేదో బాగుంది, ఎవరికీ నొప్పి లేకుండా పోయింది’ అంది.”

“చూశావా మరి! నేను చెప్పలే?” అంది తల్లి, తన పళ్ళెంలోది తీసి కూతురి పళ్ళెంలో వేస్తూ. కూతురు తినలేదు. కళ్ళద్దాలు నొక్కుకుని కళ్ళ చుట్టూ గుండ్రటి గుంటలు పడి ఉన్నాయి. ఆ గుంటల్లోంచి ఎవరో వేరే మనిషి చూస్తున్నట్టు అనిపించి, తల్లి చటుక్కున చూపు తిప్పుకుంది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ముసుగు సెట్టు వెళ్ళిన గది తలుపుకి అంటురోగం గది అని వార్డు ఆయా ఎర్ర బోర్డు తగిలిస్తుంది. అది అక్కడి పద్ధతి. ఎందుకని ఎవర్నీ అడగదు, సెట్టు కనిపిస్తే చాలు. బోర్డు పడ్డాక భోజనం తెచ్చేవాళ్ళు పళ్ళెం గుమ్మంలోనే పెట్టి పోతారు. ఊడ్చేవాళ్ళు ఆ గదిని ఆఖరున, ముక్కు బిగబట్టి ఊడుస్తారు. చూడవచ్చినవాళ్ళు గడప దాటరు. బట్టలు ఎర్ర సంచిలో కిందికి దిగుతాయి. ఆ ఎర్ర సంచి ఒక్కటే మడతలమ్మకు తెలిసిన భాగం. అది దిగినప్పుడు ఆమె ఉలిక్కిపడింది గానీ, పెద్ద సిస్టరు చూసుకుంటుందిలే అనుకుంది. పెద్ద సిస్టరు బోర్డు చూసింది కూడా. తీయించాలంటే ఎందుకు తీయిస్తున్నదో చెప్పాలి. అందుకని అది అలాగే ఉండిపోయింది.

ఆ మర్నాడు పక్క వార్డు నుంచి కబురొచ్చింది, ముసుగు సెట్లు కావాలని. సాయంత్రానికి ఇంకో అంతస్తు నుంచి.

“ఏమ్మోయ్, ఊళ్ళోకి మాయరోగం ఏమైనా దిగిందా?” అన్నాడు ఆవిరి బాబాయి, ఎర్ర సంచుల్ని కర్రతో యంత్రంలోకి తోస్తూ. “పేపర్లో రాలేదే!”

“నాకేం తెలుసు బాబాయ్.”

“నాకు తెలుసులే. పైన ఎవడో బట్టతల పెద్దమనిషి మనవాళ్ళ పిల్ల మందివ్వబోతే మింగనన్నాడట. ఇంకేముంది, పిల్లకి ముసుగేసేశారు. గుటుక్కున మింగాడట. రోగం పాతదే. ఈ వైద్యమే కొత్త.” ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. “ఎవరికి పుట్టిందో గానీ ఈ బుద్ధి.”

మడతలమ్మ చేతిలోని దుప్పటి మడత తప్పింది. విప్పి మళ్ళీ మడిచింది. మళ్ళీ తప్పింది.

ఇంట్లో కూతురు మాటలు తగ్గాయి. బూట్లు విప్పి గోడకు చేరబడి కూర్చునేది. నీళ్ళు కావాలంటే చెంబు వైపు చూపించేది. “అలసిపోయావా?” అంటే తలూపేది. “ఒంట్లో బాలేదా?” అంటే అడ్డంగా తలూపేది. మడతలమ్మ రెట్టింపు మాట్లాడేది. రేపు వాన ముంచేస్తుందేమోనని, గ్యాసు లీకవుతోందేమోనని, పక్కింటివాళ్ళ కుక్క అదోలా చూస్తోందని. “నీ కుక్క, నీ గ్యాసు” అని నవ్వే కూతురు ఇప్పుడు నవ్వదు. ఒకసారి పొయ్యి దగ్గర నిలబడి ఉండగా వెనకాల సుర్, సుర్ మని గుడ్డ నేలకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే కూతురు ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి తనని చూస్తోంది. ఒంటిమీద ఉన్నవి మామూలు బట్టలే. అవి నేలకు తగలవు.

“పలకరించి రావచ్చు కదే!” అంది తల్లి, గుండె పట్టుకుని.

కూతురు పెదవులు కదిపింది. మాట రాలేదు. ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు బండి తోసే మనిషి రాకపోవడంతో, దుప్పట్ల బండి మడతలమ్మే పైకి తీసుకెళ్ళింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆమెకు అడుగు పడలేదు. నడవా పొడవునా తలుపులకు ఎర్ర బోర్డులు. కిటికీల్లోంచి ఎండ ధారాళంగా పడుతోంది. ఆసుపత్రి నడవాలో ఎప్పుడూ ఉండే గోల, నర్సుల నవ్వులు, “అక్కా, ఆ ట్రే ఇలా ఇవ్వు” లాంటి కేకలు ఏవీ లేవు. గుడ్డ నేలకు రాసుకుంటున్న సుర్, సుర్ తప్ప.

నడవా మధ్యలో ముగ్గురు తెల్ల ముసుగులు నడుస్తున్నారు.

“అమ్మాయీ” అని పిలిచింది.

ముగ్గురూ ఆగారు. ముగ్గురూ ఇటు తిరిగారు. కళ్ళద్దాల నిండా ఊపిరి పొగ పట్టి, వెనక కళ్ళు లేవు. ముగ్గురిదీ ఒకటే ఎత్తు, నిలబడే తీరూ ఒకటే. ఆమె ఒకరి తర్వాత ఒకర్ని వెతుక్కుంది. కన్నది, నీళ్ళు పోసింది, ముడి వేసింది తనే, ఆ భుజాలు తెలియవా? తెలియలేదు. ఒక్కరైనా చెయ్యి ఎత్తుతారేమోనని చూసింది. కాసేపటికి ముగ్గురూ ఒకేసారి తిరిగి తమ దారిన పోయారు. ఆమె మడిచి పంపిన మడత గీతలు ముగ్గురి వీపుల మీదా నిలువుగా కనిపిస్తున్నాయి.

వార్డు బల్ల దగ్గర పెద్ద సిస్టరు ఇంజక్షను ట్రే పట్టుకుని నిలబడి ఉంది. సన్నటి మనిషి, ఇక్కడిమనిషి, ఎవరి మీదా గొంతు పెంచి ఎరగదు. ఒక ముసుగు దగ్గరికి రాగానే ట్రే అందించింది. “కిటికీ పక్క మంచానికి ఇంకా ఇవ్వలేదు కదా? తొందరగా ఇచ్చెయ్యి.” ముసుగు తలూపి వెళ్ళింది. గది గుమ్మంలో ఇంకో ముసుగు ఎదురైంది. దాని చేతిలో వాడేసిన సిరంజి ఉంది. ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకుని ఆగిపోయారు.

పెద్ద సిస్టరు అది చూసింది. ఒక్క పరుగున వెళ్ళి నిండు సిరంజి లాక్కుంది. “ఆగండి! ఇందాక... ఇందాక నేనీ మందు ఇచ్చి పంపింది ఎవర్ని?”

ఇద్దరూ పలకలేదు. అలవాటైపోయింది.

“మిమ్మల్నే అడుగుతున్నాను! అదే మందు రెండోసారి పడితే ఆయన గుండె ఆగేది. ఎవరు మీరు?”

అప్పుడు ఒక పిల్ల మూతిగుడ్డ కిందికి లాగింది. ఎవరి పిల్లో, చెమటతో తడిసి ముద్దయి ఉంది. “నేనే మేడమ్. ఇచ్చేశాను. ఇచ్చానని చెప్పడానికే వస్తున్నాను.” పెద్ద సిస్టరు వెళ్ళి సిరంజిలోని మందు సింకులో పారబోసింది.

మడతలమ్మ అక్కడ నిలబడలేకపోయింది. బండి తోసుకుంటూ చివరి గదికి వెళ్ళింది. గుమ్మంలో నేలమీద భోజనం పళ్ళెం, పైన తొరక కట్టిన పాలు. ఎదురు గోడకు కుర్చీ వేసుకుని, ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. ముసలావిడ కూతురు.

“మీరు లోపలికి వెళ్తారా?” అని అడిగింది ఆమె. “మా అమ్మకి ఏమొచ్చిందో కాస్త కనుక్కుని చెప్తారా? ఎవర్ని అడిగినా తల తిప్పుకుంటున్నారు. ఇంట్లో పసిపిల్లలున్నారు, నాకు లోపలికి వెళ్ళాలంటే భయం...”

ఆ గొంతులో ఉన్నది మడతలమ్మకు బాగా తెలిసిన భయం. రోజూ పొద్దున్నే తన నోట్లోంచి వచ్చేదే. తన చేత్తో మూట కట్టి మరీ పైకి పంపింది దాన్ని.

లోపల మంచం పక్కన ఒక ముసుగు నిలబడి ఉంది. ముసలావిడ దాని గౌను అంచు రెండు చేతులా పట్టుకుంది. “చెప్పు, నీకు పుణ్యముంటుంది. నాకేం రోగం? నా కూతురు గడప దాటడం మానేసింది. కూడు కుక్కకి పెట్టినట్టు పెడుతున్నారు. మనిషి ముఖం చూసి ఎన్నాళ్ళైందో. నువ్వైనా... మూగదానివైతే రాసి చూపించు. చచ్చిపోతున్నానా?”

ముసుగు కదల్లేదు. తల కొద్దిగా వంగింది, అంతే. గౌను లోపల మనిషి ఉందా, తీగకు వేలాడే గౌన్లలా ఉత్తదేనా అనిపించింది మడతలమ్మకు. అందులో ఉన్నది తన బిడ్డో, మరో తల్లి బిడ్డో. ఇంతకాలం ఆమె నోట ఒకటే మాట, మాట్లాడకే, మాట్లాడకే అని. ఇప్పుడు తన గొంతే తనకి కొత్తగా వినిపించింది.

“చెప్పవే తల్లీ. ఎవరి బిడ్డవైనా సరే, నోరు తెరిచి చెప్పు.”

తొడుగులున్న చేతులు పైకి లేచాయి. కళ్ళద్దాలు వచ్చాయి. మూతిగుడ్డ వచ్చింది. టోపీ ఊడి, పొద్దున్న తను గుచ్చిన పిన్నులు కనిపించాయి. కూతురే. వాడక తుప్పు పట్టినట్టుంది గొంతు.

“మీకు ఏ రోగమూ లేదు పెద్దమ్మగారూ. ఎముక బాగానే అతుక్కుంటోంది. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. మొదటిరోజు మీరు వద్దన్న నర్సుని నేనే. ఆ మర్నాటి నుంచీ మీ కట్టు మార్చిందీ నేనే.”

ముసలావిడ ముఖంలోకి ముందు ప్రాణం వచ్చింది. ఆ తర్వాత, మెల్లగా, తలుపు వేసుకున్నట్టు ఆ ముఖం మూసుకుంది. గౌను వదిలేసి చేతులు దుప్పట్లోకి లాక్కుంది.

“మోసం చేశారు నన్ను.”

“అవునండీ, మోసమే. మీరూ భయపడ్డారు, నేనూ మనిషిని కాకుండా పోయాను. అందుకే తీసేశాను.” తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, మామూలు గ్లౌజులు వేసుకుంది. “కట్టు తడిసింది. మార్చాలి. ఇంక వస్తే ఈ ముఖంతోనే వస్తాను.”

ముసలావిడ తలగడ పక్క గంట నొక్కింది. నొక్కిన వేలు తీయకుండా నొక్కుతూనే ఉంది.

పెద్ద సిస్టరు వచ్చింది. ఆమె కళ్ళు కూతురి ముఖం మీదికి, కుర్చీ మీద విడిచిన ముసుగు మీదికి, గుమ్మంలోని చల్లారిన పళ్ళెం మీదికి పోయాయి.

“ఈ అమ్మాయిని పంపించెయ్యి” అంది ముసలావిడ, నెమ్మదిగా, మర్యాదగా. “నువ్వు మా ఇంటి పిల్లలాంటిదానివి. నీకు నేను చెప్పాలా? మనవాళ్ళని ఎవరినైనా పిలు. లేకపోతే నువ్వే చెయ్యి.”

పెద్ద సిస్టరు మంచం దగ్గరికి నడిచింది.

మడతలమ్మకు వచ్చే భయాలన్నీ వచ్చాయి. ఉద్యోగం పోయినట్టే. ఫిర్యాదు పైకి వెళ్ళినట్టే. ఇప్పుడు పెద్ద సిస్టరు అలవాటుగా నవ్వుతుంది, దుప్పటి సర్దుతుంది, తన వైపు తిరిగి ఇంకో సెట్టు పట్రమ్మంటుంది. ఆమె వెళ్ళి కుర్చీ మీది ముసుగు తీసింది. మడవలేదు. ఉండచుట్టి సంచిలోకి కుక్కి, మూతి బిగించి ముడివేసి, రెండు చేతులా పొట్టకు అదుముకుని కూతురి పక్కన నిలబడింది. పెద్ద సిస్టరు ఆ ముడి వైపు చూసింది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ముసలావిడ కూతురు, ముక్కు మీది గుడ్డ తీసి, ఎవరి ముఖం చూడాలో తెలియక నేల చూస్తోంది. గంట ఇంకా మోగుతోంది. పెద్ద సిస్టరు వంగి, ముసలావిడ వేలిని మెత్తగా పట్టుకుని గంట మీంచి తీసింది. మడతలమ్మకు తన ఊపిరీ, బిడ్డ ఊపిరీ వేరువేరుగా వినిపించాయి.

“మనిషిని మార్చనండీ” అంది పెద్ద సిస్టరు. “ఈ మాట మొదటిరోజే చెప్పాల్సింది. మీ నర్సు ఈ అమ్మాయే. కట్టు మార్పించుకోవడమా, మానడమా మీ ఇష్టం. మానినా మిమ్మల్ని వదిలెయ్యం. నొప్పికి మందు ఇస్తాం, పిలిస్తే వస్తాం. వచ్చేది మాత్రం ఈమే.”